అడుగు ఎత్తులో ఉన్న హెలికాప్టర్ ఎలా బోల్తా పడింది? పక్కనే ఉన్న శిక్షకుడు ఎందుకు ఆపలేకపోయాడు?

మీరు మూడు విషయాలు అడిగారు. శిక్షణలో ఉన్న చిన్న హెలికాప్టర్ ఒకటి నేలకు అడుగో రెండడుగులో ఎత్తులో ఉండగానే పక్కకు దొర్లి, రెక్కలు ముక్కలై పోయిన వీడియో చూశారు. అంత తక్కువ ఎత్తులో అదెలా సాధ్యమన్నది మొదటిది. నడుపుతున్నది విద్యార్థే అయినా, పక్కన కూర్చున్న శిక్షకుడు ఎందుకు ఆపలేకపోయాడన్నది రెండోది. త్వరలో ఇలాంటి శిక్షణలోనే చేరబోతున్న మీ తమ్ముణ్ణి పంపాలా వద్దా అన్నది మూడోది. అసలు ప్రశ్న అదేనని నాకు అర్థమైంది. హెలికాప్టర్ నడపడం నేర్పడమే చాలాకాలంగా నా వృత్తి కనుక కాస్త వివరంగానే రాస్తాను. మీరు చూసిన ఆ ఒక్క ప్రమాదానికి కారణం ఫలానా అని మాత్రం చెప్పను. నివేదిక రాకముందే వీడియో చూసి తీర్పులిచ్చేవారి మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అలాంటి ప్రమాదాలు సాధారణంగా ఏ దారిన వస్తాయో మాత్రం చెప్పగలను.

ఎత్తు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. హెలికాప్టర్ విషయంలో ఇది సగమే నిజం. నేలను పూర్తిగా వదిలి గాలిలో ఉన్నప్పుడు యంత్రం తన గురుత్వ కేంద్రం చుట్టూ వంగుతుంది. పైలట్ రెండు మోకాళ్ల మధ్య ఉండే సైక్లిక్ కర్రను ఎడమకు నొక్కితే పైన రెక్కలు తిరిగే రోటర్ చక్రం ఎడమకు వాలుతుంది, యంత్రం దాని వెంట వెళుతుంది. నేల మీద పూర్తిగా కూర్చున్నప్పుడు బరువంతా రెండు స్కిడ్ల మీద, అంటే చక్రాలకు బదులుండే గొట్టపు కాళ్ల మీద ఉంటుంది, కదలిక ఉండదు. చిక్కంతా ఈ రెండింటి నడుమ ఉన్న కొద్ది క్షణాల్లోనే. ఒక స్కిడ్ లేచి, రెండోది ఇంకా నేలను పట్టుకుని ఉన్నప్పుడు యంత్రం గురుత్వ కేంద్రం చుట్టూ తిరగదు, ఆ స్కిడ్ చుట్టూ తిరుగుతుంది. ఇరుసు ఎక్కడుందన్నది మారిపోవడంతో అప్పటిదాకా పైలట్ చేతికి అలవాటైన లెక్కలన్నీ తప్పుతాయి.

దీన్ని డైనమిక్ రోలోవర్ అంటారు. స్కిడ్ పట్టుకోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. మెత్తటి బురద, గడ్డి దుబ్బు, తారులో చిన్న పగులు, విప్పడం మరిచిన కట్టుతాడు, ఏదైనా సరిపోతుంది. దిగేటప్పుడు పక్కకు కొద్దిగా జారుతూ నేలను తాకినా అంతే. స్కిడ్ ఆగుతుంది, పైనున్న బరువు ఆగదు. పక్కకు దొర్లడం మొదలయ్యాక రోటర్ చక్రం కూడా యంత్రంతోపాటే వాలుతుంది. దాని లాగుడు అప్పటిదాకా పైకి ఉండేది, ఇప్పుడు పక్కకు కూడా పనిచేస్తూ ఆ దొర్లుడును ఇంకా పెంచుతుంది. సైక్లిక్‌ను ఎంత ఎదురు నొక్కినా చక్రాన్ని మాస్టుకు, అంటే దాన్ని మోసే నిలువు కడ్డీకి, కొద్ది డిగ్రీలు మించి వాల్చడం కుదరదు. యంత్రం వంపు ఆ హద్దు దాటితే, కర్ర పూర్తిగా ఎదురు దిక్కుకు తోసినా రోటర్ ఇంకా పడే వైపే లాగుతూ ఉంటుంది.

వాలు నేల మీద దిగడానికి చాలా హెలికాప్టర్లకు 5 డిగ్రీల వాలునే మామూలు హద్దుగా ఎందుకు చెబుతారో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఇంజను ఆపేసిన హెలికాప్టర్‌ను నలుగురు కలిసి ఒక పక్క ఎత్తితే, తనంతట తాను పడిపోవడానికి చాలా ఎక్కువ కోణం కావాలి. అదే రోటర్ బలంగా తిరుగుతూ, దొర్లుడుకు వేగం కూడా తోడైతే చాలా తక్కువ వంపులోనే పని అయిపోతుంది. ఇక్కడ కోణం కన్నా దొర్లే వేగం ముఖ్యం.

తోక చివర తిరిగే చిన్న రోటర్, అంటే టెయిల్ రోటర్ పాత్ర చాలామందికి తట్టదు. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగే ప్రధాన రోటర్ ఉన్న యంత్రాలలో, అంటే అమెరికాలో తయారైన రాబిన్సన్, బెల్ రకాలలో, టెయిల్ రోటర్ తోపు యంత్రాన్ని కుడికి నెడుతూ ఉంటుంది. పైలట్ తెలియకుండానే సైక్లిక్‌ను కొద్దిగా ఎడమకు పట్టి దాన్ని సరిచేస్తూ ఉంటాడు. కుడి స్కిడ్ నేలకు తగిలి ఇరుసుగా మారినప్పుడు ఆ తోపు కూడా పడేసే వైపే పనిచేస్తుంది. అందుకే ఈ రకాలలో కుడి వైపు దొర్లుడు ఎక్కువ ప్రమాదకరం. చాలా ఫ్రెంచ్ యంత్రాలలో రోటర్ గడియారం ముల్లు దిక్కుకే తిరుగుతుంది కనుక లెక్క తారుమారవుతుంది. ఎడమ నుంచి గాలి వీస్తూ, కుడి స్కిడ్ కిందుగా ఉండి, కుడి సీటులో బరువైన మనిషి కూర్చుంటే మూడూ ఒకే వైపు కలుస్తాయి.

మీ మొదటి ప్రశ్నలో ఇంకో చిన్న ప్రశ్న ఉంది. "పైకి లేపేస్తే సరిపోయేది కదా" అన్నారు. ప్రమాదంలో పడిన విద్యార్థి కూడా సరిగ్గా అదే అనుకుని ఉండవచ్చు. నేల ప్రమాదం, ఆకాశం భద్రం అని మన ఒళ్లు నమ్ముతుంది. సీటుకు ఎడమ పక్కనుండే కలెక్టివ్ అనే మీటను పైకి లాగితే రోటర్ లాగుడు పెరుగుతుంది. స్కిడ్ విడిపోతే బతికినట్టే, విడిపోకపోతే ఆ పెరిగిన లాగుడంతా దొర్లించడానికే ఖర్చవుతుంది. చేయవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కలెక్టివ్‌ను దించాలి. లాగుడు తగ్గితే యంత్రం బరువే దాన్ని వెనక్కి రెండు స్కిడ్ల మీద కూర్చోబెడుతుంది. దించడంలోనూ తొందర పనికిరాదు. ఒక్కసారిగా కొట్టినట్టు దించితే లేచిన స్కిడ్ నేలను గట్టిగా గుద్ది, యంత్రం రెండో వైపుకు ఎగిరిపడుతుంది. మృదువుగా దించాలి, కానీ ఆలస్యం చేయకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమని కొత్తవారు ముఖం చిట్లించుకుంటారు. చేతికి రావడానికి కొంత కాలం పడుతుంది.

కొత్త విద్యార్థికి ఇది ఎందుకంత కష్టమో అర్థం కావాలంటే హోవర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఉన్నచోట గాలిలో నిలబడటమే హోవర్. చూసేవారికి అది ఏమీ చేయకపోవడంలా కనిపిస్తుంది. నిజానికి చిన్న హెలికాప్టర్‌కు ఆ స్థితిలో స్థిరత్వం లేదు. వదిలేస్తే ఉన్నచోట ఉండదు, ఏదో ఒక దిక్కుకు పోతూ పోతూ వేగం పెంచుకుంటుంది. అరచేతిలో కర్రను నిలబెట్టే పిల్లవాడి పనే ఇది: కర్ర వాలడం కనిపించాక కదిలితే ఆలస్యం, వాలబోతోందని తోచినప్పుడే చేయి కదలాలి. పైగా సైక్లిక్ నొక్కినప్పటికీ యంత్రం జరిగేటప్పటికీ మధ్య ఒక చిన్న జాగు ఉంటుంది. కొత్తవాడు నొక్కుతాడు, ఏమీ జరగలేదనుకుని ఇంకా నొక్కుతాడు, అప్పటికి మొదటి నొక్కు ఫలితం వస్తుంది, బెదిరి ఎదురు నొక్కుతాడు. ఊగుడు ప్రతిసారీ పెద్దదవుతుంది. దీనికి తోడు ప్రతి కదలికా మిగతా వాటిని కదిలిస్తుంది. కలెక్టివ్ పెంచితే ముక్కు పక్కకు తిరుగుతుంది, దాన్ని పెడల్‌తో ఆపితే టెయిల్ రోటర్ తోపు మారుతుంది, దానికి మళ్లీ సైక్లిక్ సరిచేయాలి. మొదటి పాఠాల్లో విద్యార్థి చెమటతో తడిసిపోవడం ఎండవల్ల కాదు.

కాబట్టి విద్యార్థి తప్పు చేశాడా అని అడిగితే, చేసే ఉంటాడు అంటాను. తప్పులు చేయడం అతని పనిలో భాగం, అందుకే అతన్ని విద్యార్థి అంటున్నాం. ఇలాంటి ప్రమాదాల్లో నేను చూసేది ఆ తప్పును కాదు. తప్పు మొదలైన క్షణానికీ, అది ఇక దిద్దలేనిదిగా మారిన క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉంది? ఆ వ్యవధిని ముందే ఎవరు ఖర్చు పెట్టేశారు? నేల ఎంపిక, గాలి, ఎత్తు, యంత్రం బరువు, శిక్షకుడి చేతి స్థానం, వీటన్నిటిలో ఏదో ఒకటి ఆ వ్యవధిని అంతకుముందే తినేసి ఉంటుంది.

ఇక శిక్షకుడి దగ్గరకు వద్దాం. రాబిన్సన్ కంపెనీ తన యంత్రాల చేతిపుస్తకంలో భద్రతా సూచనలు కొన్ని జతచేస్తుంది. వాటిలో 20వ నంబరు సూచన 1985 నాటిది, కొత్తవారికి మొదటిసారి కంట్రోల్స్ ఇచ్చే సందర్భాల గురించి. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. విద్యార్థి అదుపు కోల్పోయి ఊరుకుంటే అనుభవమున్న శిక్షకుడు సులువుగానే యంత్రాన్ని తిరిగి చేతిలోకి తెచ్చుకుంటాడు. విద్యార్థి కంగారులో తప్పు దిక్కుకు ఒక్కసారిగా పెద్ద కదలిక చేస్తే ఎంతటి శిక్షకుడికైనా చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. ఏమీ చేయని విద్యార్థికి సిద్ధంగా ఉండే శిక్షకులు తప్పు పని చేసే విద్యార్థికి సిద్ధంగా ఉండటం అరుదు. శిక్షకులకు నేర్పేటప్పుడు నేను దీన్ని మించిన పాఠం చెప్పలేకపోయాను.

చేతుల సంగతే చూడండి. రాబిన్సన్ వారి రెండు సీట్ల చిన్న యంత్రం ఆర్22లో ఇద్దరికీ వేరువేరు సైక్లిక్ కర్రలుండవు. మధ్యలో ఒకే కర్ర లేచి, దాని పైన అటూ ఇటూ ఊగే అడ్డకర్ర ఉంటుంది, దాని రెండు కొసలూ ఇద్దరి పిడులు. విద్యార్థి తన పిడిని ఒళ్లోకి దించుకుని హాయిగా పట్టుకుంటే శిక్షకుడి పిడి గాలిలోకి లేస్తుంది. అతని మోచేతికి ఆనుకునే చోటు ఉండదు. గంటసేపు అలా చేయి గాలిలో పెట్టి కూర్చోవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. అలసిన చేయి కొద్దికొద్దిగా కిందికి జారుతుంది. మధ్యాహ్నం నాలుగో పాఠానికి అది తొడ మీదకు చేరుతుంది. తొడ మీది చేయి పిడిని అందుకుని, ఎటు నొక్కాలో తేల్చుకుని, విద్యార్థి బలానికి ఎదురు నొక్కేలోపు ఆ కొద్దిపాటి వ్యవధి అయిపోతుంది. వార్తల్లో ఇదంతా కనిపించదు. శిక్షకుడికి వేల గంటల అనుభవం ఉందని మాత్రం రాస్తారు. వేల గంటలున్నా చేయి తొడ మీదే ఉంటే ఆ అనుభవం అక్కరకు రాదు.

కంట్రోల్స్ ఎవరి చేతిలో ఉన్నాయన్న గందరగోళం ఇంకో పాత శత్రువు. అప్పగించేటప్పుడు ఒకరు ఇస్తున్నానని చెప్పాలి, రెండోవారు తీసుకున్నానని చెప్పాలి, మొదటివారు మళ్లీ దాన్ని ధ్రువపరచాలి. మూడు మాటలు, ప్రతిసారీ, చాదస్తంగా. ఇద్దరూ రెండోవారే నడుపుతున్నారనుకున్న యంత్రాన్ని ఎవరూ నడపరు. ఇద్దరూ తామే నడుపుతున్నామనుకుంటే అంతకన్నా అన్యాయం.

నేను మొదటి హోవర్ పాఠాలను బాగా విశాలమైన, గట్టి, చదునైన నేల మీదే చెబుతాను. గడ్డి మీద చెప్పను. ఎత్తు కూడా మామూలుగా నిలిపే మూడు నుంచి ఐదు అడుగుల కన్నా కాస్త ఎక్కువే ఉంచుతాను. ఇంజను ఆగితే ఎత్తు ఎక్కువైన కొద్దీ దెబ్బ గట్టిగా తగులుతుందని వాదించే సహోద్యోగులున్నారు, వారి వాదనలో నిజం లేకపోలేదు. నా లెక్కలో మాత్రం ఆ పాఠంలో ఇంజను ఆగడం కన్నా విద్యార్థి పక్కకు జారుతూ నేలను తాకే అవకాశం ఎంతో ఎక్కువ. స్కిడ్‌కూ నేలకూ మధ్య ఖాళీ ఉంటే నా చేతికి కొంత సమయం దొరుకుతుంది.

వీడియోలో హెలికాప్టర్‌లో ఒక్కరే కనిపించారని మీ ప్రశ్న కింద ఇంకెవరో రాశారు. అది నిజమైతే, అంటే విద్యార్థి సోలోలో ఉంటే, కథ మారుతుంది. సోలో అంటే జనం ధైర్యం గురించి మాట్లాడతారు, నేను బరువు గురించి మాట్లాడతాను. ఆర్22 గరిష్ఠ బరువు 622 కిలోలు, అంటే 1370 పౌండ్లు. అంత చిన్న యంత్రంలోంచి ఒక పెద్ద మనిషి దిగిపోతే మొత్తం బరువులో ఎనిమిదో వంతు దాకా ఒక్కసారిగా పోతుంది. విద్యార్థి చేతికి అలవాటైన కలెక్టివ్ స్థానం రాకముందే స్కిడ్లు లేస్తాయి. సీట్లు రెండూ మాస్టుకు ముందుంటాయి కనుక ఒకరు దిగితే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది, ముక్కు పైకి లేచినట్టుంటుంది, సైక్లిక్‌ను ముందుకు ఎక్కువ పట్టాలి. విద్యార్థి కూర్చునేది కుడి సీటు. ఎడమ సీటు ఖాళీ అయ్యాక బరువు కుడికి ఒరుగుతుంది. ఇద్దరున్నప్పుడు ఎడమ స్కిడ్ కిందుగా వేలాడే యంత్రం ఇప్పుడు అలా వేలాడదు. ఎడమ స్కిడ్ ముందు లేచి, కుడి స్కిడ్ చివరిదాకా నేలను అంటిపెట్టుకునే అవకాశం పెరుగుతుంది. పైన చెప్పిన టెయిల్ రోటర్ సంగతి గుర్తు చేసుకోండి, కుడి స్కిడ్ ఇరుసు కావడమే ఈ యంత్రాలలో చెడ్డది. అన్నీ కలిపి చూస్తే, మొదటి సోలో రోజున విద్యార్థి నడిపేది దాదాపు వేరే హెలికాప్టర్. అదంతా ముందే చెప్పి, ఒక్కో సెంటీమీటరు చొప్పున కలెక్టివ్ పెంచుతూ స్కిడ్లు తేలికవుతున్న దశలో ఆగి, ఎటు జరగాలని చూస్తోందో గమనించి, సరిచేసి, అప్పుడు లేపమని నేర్పని శిక్షకుడు పని సగమే చేసినట్టు.

రోలోవర్‌లో యంత్రం పోతుంది, మనుషులు చాలాసార్లు దిగి నడిచి వస్తారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది పైన. మీ తమ్ముడు చేరబోయే చోట ఆర్22 గానీ దాని పెద్ద తమ్ముడు ఆర్44 గానీ ఉండే అవకాశం ఎక్కువ కనుక అది కూడా చెప్పాలి. ఆర్22 మొదట ఎగిరింది 1975లో, అమెరికా ధ్రువీకరణ వచ్చింది 1979లో. ఫ్రాంక్ రాబిన్సన్ దాన్ని సొంతదారులు వాడుకునే చవకైన వాహనంగా ఉద్దేశించాడు. శిక్షణ సంస్థలు దాని తక్కువ ఖర్చు చూసి ఎగబడ్డాయి. ఆ విధంగా, అనుభవజ్ఞుడి చేతికి చురుగ్గా పలికే తేలికైన యంత్రం అసలేమీ రానివారి చేతిలో పడింది. దాని రోటర్ రెక్కలు తేలిక. రోటర్‌లో నిల్వ ఉండే శక్తి తక్కువ. ఇంజను ఆగితే కలెక్టివ్‌ను పూర్తిగా దించడానికి పైలట్‌కు ఉండేది సెకను, మహా అయితే మరో అర సెకను. ఆలస్యమైతే రోటర్ వేగం పడిపోతుంది. రాబిన్సన్ సూచనల ప్రకారం 80 శాతం కన్నా, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ మరో శాతం కలిపి, అంతకన్నా కిందికి పోతే రెక్కలు స్టాల్ అవుతాయి, అంటే యంత్రాన్ని గాలిలో మోసే శక్తి కోల్పోతాయి. దాన్నుంచి కోలుకోవడం ఉండదు. ఇప్పటి ఆర్22లలో ఆర్‌పీఎంను, అంటే తిరిగే వేగాన్ని, తనంతట తానే నిలిపే గవర్నర్ అనే పరికరం ఉంటుంది. అది మంచిదే, కానీ థ్రాటిల్ ఇప్పటికే పూర్తిగా తెరిచి ఉండగా పైలట్ కలెక్టివ్ ఇంకా లాగితే గవర్నర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు.

ఇంకొకటి, రెండు రెక్కల ఊగే రోటర్‌కు ప్రత్యేకమైన ప్రమాదం, మాస్ట్ బంపింగ్. ఎగురుతూ సైక్లిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తే క్షణంపాటు ఒళ్లు తేలినట్టవుతుంది. ఆ క్షణంలో ప్రధాన రోటర్ మీద బరువు లేదు, టెయిల్ రోటర్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది కనుక యంత్రం కుడికి దొర్లుతుంది. చేయి సహజంగా ఎడమకు నొక్కుతుంది. బరువు లేని రోటర్ వాలుతుంది గానీ యంత్రం దాని వెంట రాదు. రోటర్ తల మాస్టును కొడుతుంది, రెక్క తోకనో కేబిన్‌నో నరుకుతుంది. ముందు సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తీసి రోటర్ మీద బరువు తెచ్చుకున్నాకే దొర్లుడును సరిచేయాలి.

1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ దగ్గర జరిగిన ప్రమాదాన్ని మా వృత్తిలో ఎవరూ మరిచిపోరు. అది శిక్షణ ప్రయాణం. విద్యార్థికి హెలికాప్టర్ మీద కొద్ది గంటల అనుభవమే ఉంది, శిక్షకుడు అనుభవజ్ఞుడు. పాఠం తర్వాత వినుకోవడానికి విద్యార్థి చిన్న టేప్ రికార్డర్ వెంట పెట్టుకున్నాడు. మామూలుగా ఎగురుతూ, శిక్షకుడు మాట్లాడుతూ ఉండగానే ప్రమాదం జరిగిపోయింది. ఇద్దరూ పోయారు. ఇలాంటి ఆర్22 ప్రమాదాలన్నిటినీ కలిపి అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1996లో ప్రత్యేక అధ్యయనం వెలువరించింది. పెద్దవిగా, హఠాత్తుగా చేసే కంట్రోల్ కదలికలు రోటర్‌ను అదుపు తప్పించగలవన్న విషయం అందులో గట్టిగా వచ్చింది. దానికి కాస్త ముందే, 1995లో, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆర్22, ఆర్44లకు ప్రత్యేక నిబంధన తెచ్చింది. హెలికాప్టర్ లైసెన్సు లేనివారు ఆర్22లో సోలోకు వెళ్లాలంటే అదే రకంలో శిక్షకుడితో కనీసం 20 గంటలు ఎగిరి ఉండాలి. తక్కువ ఆర్‌పీఎం, మాస్ట్ బంపింగ్ వంటి వాటిపై ప్రత్యేక శిక్షణ కూడా తప్పనిసరి అయింది. మీ తమ్ముడు ఏ దేశంలో చేరినా ఈ 20 గంటల సంఖ్యను మనసులో ఉంచుకోమనండి. అంతకన్నా చాలా ముందే సోలోకు పంపుతామని గొప్పగా చెప్పే చోటు నాకైతే నచ్చదు.

శిక్షణ ప్రమాదాల్లో ఇంకో పెద్ద వాటా ఆటోరొటేషన్ సాధనది. ఇంజను ఆగినట్టు నటించి, కిందినుంచి వచ్చే గాలితోనే రోటర్‌ను తిప్పుకుంటూ దిగడం అది. అసలు ఇంజను వైఫల్యాల కన్నా వాటి సాధనలోనే ఎక్కువ యంత్రాలు విరుగుతాయని మాలో చేదుగా నవ్వుకుంటారు. దీని మీద రాబిన్సన్ 2003లో 38వ సూచన ఇచ్చింది. నేలకు 100 అడుగుల ఎత్తు దాటేసరికి నాలుగూ సరిగ్గా ఉండాలి: రోటర్ వేగం మీటరు మీది పచ్చ గీత మధ్యలో, గాలిలో యంత్రం ముందుకు పోయే వేగం 60, 70 నాట్ల మధ్య నిలకడగా, దిగే వేగం మామూలుగా, అంటే నిమిషానికి 1500 అడుగులకు లోపు, మలుపులన్నీ పూర్తయి. ఏ ఒక్కటి తప్పినా వెంటనే ఇంజను శక్తి తీసుకుని పైకి వెళ్లిపోవాలి. ఇంత స్పష్టమైన గీత ఉండగా ప్రమాదాలెందుకు? విద్యార్థి "దాదాపు సరిగ్గా" చేస్తున్నప్పుడు చెడగొట్టడానికి శిక్షకుడికి మనసొప్పదు. ఇంకొక్క క్షణం ఇస్తే తనే దిద్దుకుంటాడేమో చూద్దామనుకుంటాడు. మంచి శిక్షకులకే ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే నేర్పాలన్న తపన వారికే ఎక్కువ.

వార్తల గురించి కొద్దిగా. "అనుభవం లేని పైలట్" అన్న శీర్షిక చూస్తే నాకు విసుగు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు లక్ష్యం మళ్లీ జరగకుండా చూడటం, నిందితుణ్ణి పట్టుకోవడం కాదు. ప్రాథమిక నివేదిక సాధారణంగా 30 రోజుల్లో వస్తుంది, అందులో కారణాలు వెతకకండి, వాస్తవాలే ఉంటాయి. దర్యాప్తు బృందం నేల మీద స్కిడ్ గీసిన గాడిని కొలుస్తుంది. అది పక్కకు పోయిందా ముందుకు పోయిందా అన్నదే సగం కథ చెబుతుంది. రెక్కలు ఎలా విరిగాయో చూస్తుంది. వేగంగా తిరుగుతూ నేలను కొట్టిన రెక్క ముక్కలై దూరంగా పడుతుంది. వేగం చచ్చిన రెక్క పైకి వంగిపోయి దగ్గర్లోనే ఉంటుంది. బరువుల లెక్క, ఆనాటి గాలి, శిక్షకుడు ఆ వారం ఎంత పని చేశాడు, ఇవన్నీ చూస్తుంది.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. చేరనివ్వండి. కానీ ఫీజు కట్టేముందు అక్కడికి వెళ్లి ఒక పూట కూర్చోమనండి. ఒక్కో శిక్షకుడు రోజుకు ఎన్ని పాఠాలు చెబుతున్నాడో కనుక్కోమనండి. తక్కువ గంటలున్న కొత్త పైలట్లు ఉద్యోగం కోసం గంటలు కూడబెట్టుకునే దారిగా శిక్షకులు కావడం ఈ రంగంలో మామూలే. అందులో తప్పు లేదు, కానీ వారి మీద ఒక కన్నేసి ఉంచే పెద్ద శిక్షకుడు అక్కడ ఉండాలి. గాలి ఎక్కువగా ఉందని పాఠం రద్దు చేసినప్పుడు అక్కడివారు విద్యార్థి మీద చిరాకు పడుతున్నారా, మామూలుగా తీసుకుంటున్నారా గమనించమనండి. హోవర్ ఎలాంటి నేల మీద నేర్పుతారో చూడమనండి. ప్రతి పాఠం ముందూ బరువు లెక్క కట్టి చూపిస్తారా అని అడగమనండి. ఆర్22లో ఒక సీటుకు, దాని కింది సామాను అరతో కలిపి, 109 కిలోలు అంటే 240 పౌండ్లు హద్దు. మీ తమ్ముడు భారీ మనిషి అయితే ఆ యంత్రం అతనికి తగినది కాదు. మొహమాటపడి బరువు తగ్గించి చెప్పడం ఈ రంగంలో ఆత్మహత్యతో సమానం. లైసెన్సుకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 40 గంటలు, ఆమోదం పొందిన శిక్షణ పథకంలోనైతే 35. ఆ కనీసంలో పూర్తి చేసేవారు తక్కువని, డబ్బు లెక్క అంతకన్నా ఎక్కువ గంటలకు వేసుకోవాలని కూడా చెప్పండి. డబ్బు అయిపోతున్న విద్యార్థి తొందరపడతాడు.

శిక్షకుడితో మొదటి రోజే ఒక ఒప్పందం చేసుకోమనండి. కంట్రోల్స్ నావి అని శిక్షకుడు అన్న మరుక్షణం చేతులూ కాళ్లూ పూర్తిగా వదిలేయాలి, సాయం చేయబోకూడదు. భయపడిన విద్యార్థి కర్రను గట్టిగా బిగించి పట్టుకుంటాడు. ఆ పట్టును విడిపించడంలోనే శిక్షకుడి వ్యవధి పోతుంది. అర్థం కానప్పుడు అర్థం కాలేదని, చేయి పట్టు తప్పుతోందనిపిస్తే తీసుకోమని నోరు తెరిచి అడగడం కూడా అలవాటు కావాలి. మన పిల్లలకు గురువు ముందు ఇది కష్టం. ముందే మాట్లాడుకుంటే కాస్త సులువవుతుంది.

ఒకవేళ ఎప్పుడైనా యంత్రం పక్కకు పడిపోతే ఏం చేయాలో కూడా చేరిన మొదటి వారంలోనే నేర్చుకోవాలి. చేతులు కేబిన్ లోపలే ఉంచుకోవాలి. రెక్కలు పూర్తిగా ఆగేవరకూ బెల్టు విప్పకూడదు, బయటికి పోకూడదు. వీలైతే ఇంధనం వాల్వు, ఇంజనుకు ఇంధన మిశ్రమాన్ని అందించే మీట, బ్యాటరీ ఆపాలి. పాత ఆర్44లలో బోల్తా తర్వాత ఇంధనం కారి మంటలు లేచిన ప్రమాదాల తర్వాత రాబిన్సన్ 2010లో వాటి ట్యాంకుల్లో సాగే రబ్బరు సంచులు అమర్చమని సూచించింది. చేరబోయే చోట యంత్రాలకు అలాంటి సంచి ట్యాంకులున్నాయా అని అడగడం చాదస్తం కాదు. బెల్టు విప్పే ముందు ఒక చేత్తో ఫ్రేమును గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే పైవైపు సీటులో ఉన్నవారు విప్పగానే కిందివైపు వారి మీద పడతారు. దిగాక యంత్రానికి ముందు వైపునుంచి దూరంగా నడవాలి, ఇంధనం వాసన వస్తుంటే పరుగెత్తాలి. ఫోను కోసం వెనక్కి వెళ్లకూడదు.